నేలపై విమానవిద్య నేర్పిన ఎడ్విన్ లింకు

నీటిలో దిగనిదే ఈత రాదని లోకులందురు. ఆ మాట నిజమే. కాని ఈత నేర్చుకొను బాలుడు మొదట ఒడ్డుననే, మోకాటిలోతు నీటిలో, నడుమునకు సొరకాయబుర్ర కట్టుకొని, పెద్దవారి చేయి పట్టుకొని నేర్చుకొనును. అతడు పొరపాటు చేసినచో నాలుగు గుక్కల నీరు మ్రింగును. అంతకంటె ఎక్కువ కీడు కలుగదు. విమానము నడుప నేర్చుకొనువానికి అట్టి మోకాటిలోతు ఎక్కడ కలదు? ఆకాశమునకు ఒడ్డు లేదు. అక్కడ చేసిన మొదటి తప్పే కడపటి తప్పు కావచ్చును. విమానములు పుట్టిన తొలిదినములలో ఎందరో యువకులు నేర్చుకొనుచునే ప్రాణములు కోలుపోయిరి. ఆకాశవిద్యకు నేలమీద ఒక ఒడ్డు కట్టి, తప్పు చేసినను ప్రాణభయము లేని తావును కల్పించినవాడు ఎడ్విన్ ఆల్బర్టు లింకు.

లింకు 1904వ సంవత్సరము జూలై 26వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ఇండియానా రాష్ట్రమున, హంటింగ్టన్ అను పట్టణములో జన్మించెను. అతనికి ఆరేండ్లు వచ్చునప్పటికి తండ్రి న్యూయార్కు రాష్ట్రములోని బింగ్‌హామ్టన్ పట్టణమునకు కాపురము మార్చెను. అక్కడ దివాలా తీసిన వాద్యముల కర్మాగారము నొకదానిని కొని, దానిని లింకు పియానో, ఆర్గన్ కంపెనీగా నిలబెట్టెను. ఆ కాలపు చలనచిత్రములకు మాటలు లేవు. ప్రేక్షకులు తెరమీది బొమ్మలను చూచుచుండగా వాద్యకారుడు ప్రక్కన కూర్చుండి పెద్ద ఆర్గన్‌ను వాయించుచుండును. అట్టి ఆర్గన్‌లను, వాయించువాడు లేకయే తమంతట తాము మ్రోగు పియానోలను ఆ కర్మాగారమున చేయుచుండిరి.

మన హార్మోనియమును ఎరిగినవారికి ఆ వాద్యముల మర్మము సులభముగనే తెలియును. తిత్తి గాలిని కదలించును. మెట్టు నొక్కగా ఒక కవాటము తెరచుకొనును. గాలి పోవు త్రోవను బట్టి స్వరము పలుకును. తనంతట తాను మ్రోగు పియానోలో చిల్లులు పొడిచిన కాగితపుచుట్ట యొకటి తిరుగుచుండును. చిల్లు వచ్చినచోట గాలి చొరబడును. దానితో ఒక చిన్న తిత్తి ముడుచుకొని లోపలి సుత్తిని కదలించును. లింకు బాల్యమునుండియు ఈ తిత్తుల నడుమ, కవాటముల నడుమ పెరిగెను. వానిని విప్పుట, బాగుచేయుట, తిరిగి కూర్చుట అతనికి చేతిపని అయ్యెను. గాలిచేత పనిచేయించు నేర్పు అక్కడనే అలవడినది.

1920లో, పదునారేండ్ల వయస్సున, అతడు లాస్‌ఏంజెలిసు నగరమున తన మొదటి విమానపాఠమునకై 50 డాలర్లు చెల్లించెను. ఆ దినములలో అది చిన్న మొత్తము కాదు. గురువు విమానమును పైకెత్తి, గిరికీలు కొట్టించి, తలక్రిందులు చేసి, తుదకు నేలకు దింపెను. అంతవరకును శిష్యుని చేయి చోదకదండమును తాకనేలేదు. లింకు ఉల్లాసమైతే పొందెను గాని విద్యను పొందలేదు. ఇంత ధనము వెచ్చించియు నేర్చుకొననలవి కానిచో, పేదవాడు విమానచోదకుడగుట యెట్లను ప్రశ్న అతని మనస్సున నాటుకొనెను.

అయినను అతడు పట్టుదల వీడలేదు. కర్మాగారమున పనిచేయుచు, తీరిక దొరికినప్పుడెల్ల విమానాశ్రయమునకు పోయి, క్రమముగా చోదకుడయ్యెను. 1920వ దశాబ్ది చివర, సెస్నా కంపెనీవారు అమ్మిన మొట్టమొదటి విమానమును అతడే కొనెను. ఊరూర తిరిగి జనులకు విమానవిహారము చేయించుచు, కొందరికి పాఠములు చెప్పుచు కొంత సంపాదించుచుండెను. ఆ పాఠములలో అతనికొక సంగతి స్పష్టమయ్యెను. శిష్యుడు ఆకాశమున గడుపు కాలములో ఎక్కువ భాగము, దండమును ఇటు కదిపినచో విమానము ఎటు ఒరుగునో తెలిసికొనుటకే చెల్లిపోవుచున్నది. అంతమాత్రమునకు ఆకాశము వరకు పోనేల?

లింకు తండ్రి కర్మాగారపు నేలమాళిగలో పని ప్రారంభించెను. పదునెనిమిది మాసములు శ్రమించి, 1929లో ఒక వింత యంత్రమును సిద్ధపరచెను. చూచుటకది పొట్టి రెక్కలుగల పిల్లల బొమ్మవిమానమువలె ఉండెను. దానిని ఒక పీఠముమీద నిలిపి, అడుగున ఆర్గన్‌కు వాడునట్టి తిత్తులను అమర్చెను. లోపల కూర్చున్నవాడు దండమును కదిపినచో కవాటములు తెరచుకొనును. విద్యుచ్ఛక్తితో తిరుగు పంపు ఒక తిత్తిలోని గాలిని లాగివేయును. ఆ తిత్తి ముడుచుకొనగా బొమ్మవిమానము ఆ వైపునకు ఒరుగును. ముక్కు పైకి లేచును, క్రిందికి వంగును, కుడియెడమలకు తిరుగును. నేలను విడువకయే అది ఎగురుచున్నట్లు తోచును. ఆ యంత్రమునకు 1931లో అతనికి పేటెంటు హక్కు లభించెను. ఆ సంవత్సరముననే అతడు మారియన్ క్లేటన్ అను పత్రికారచయిత్రిని వివాహమాడెను. ఆమె తరువాతి అతని సాహసములన్నిటను తోడై నిలిచెను.

యంత్రము సిద్ధమైనది గాని, దానిని లోకము గుర్తింపలేదు. విమానశాలలవారు అది ఆటవస్తువనిరి. సైనికులు దానివంక కన్నెత్తి చూడలేదు. దానిని కొన్నవారు చాలవరకు వినోదశాలలవారే. సంతలలో పిల్లలు నాణెము వేసి, అందులోనెక్కి ఊగి, నవ్వుచు దిగిపోవుచుండిరి. దానికితోడు 1929 చివర అమెరికాలో గొప్ప ఆర్థికమాంద్యము ఏర్పడెను. లింకు తన యంత్రముతోనే ఒక విమానపాఠశాలను స్థాపించెను గాని, రుసుము చెల్లింపగల శిష్యులు నానాటికి తగ్గిపోయిరి. పొట్టపోసికొనుటకై అతడు మరియొక ఉపాయము పన్నెను. విమానపు రెక్కల అడుగున విద్యుద్దీపములను అమర్చి, పియానోలోని చిల్లుల కాగితపు పద్ధతితో వానిని వెలిగించి ఆర్పుచు, రాత్రివేళ ఆకాశమున వ్యాపారప్రకటనలు చూపసాగెను. ఇందువలన చీకటిలోను మబ్బులోను ఎగురవలసి వచ్చెను. ఆ యెగురుటలోనే అతనికి పరికరములను నమ్ము విద్య పట్టుబడెను. ఈ విద్య యొక్క విలువ తెలియవలెనన్నచో మన శరీరపు తీరును కొంత తెలిసికొనవలెను.

కన్నులకు గంతలు కట్టుకొని గిరగిర తిరిగి, చటుక్కున ఆగిన బాలునికి తాను ఎదురుదిక్కుగా తిరుగుచున్నట్లు తోచును. మన లోపలి చెవిలో మూడు సన్నని అర్ధవలయ నాళములు కలవు. వానిలోని ద్రవము కదలుటచేత మనము తిరుగుచున్నామని తెలియును. కాని ఒకే వేగముతో కొంతసేపు తిరిగినచో ఆ ద్రవము కూడ మనతోపాటు తిరుగును. అప్పుడు మనము కదలక నిలిచియున్నట్లే తోచును. ఆగినప్పుడు ద్రవము మాత్రము ఇంకను కదలుచుండుటచే భ్రమ కలుగును. పగటివేళ దిగంతము కనబడుచుండగా కన్ను ఈ భ్రమను దిద్దును. పొగమంచులో కంటికి ఆధారము పోవును. చోదకుడు తాను తిన్నగా పోవుచున్నానని నమ్మి, ఒరిగిన విమానమును మరింత ఒరగజేసి, చుట్లు తిరుగుచు నేలను తాకును. అతడు ధైర్యహీనుడు కాడు, అజ్ఞాని కాడు. తన శరీరమును నమ్ముటయే అతని నేరము. అట్టివేళ దేహము చెప్పుమాటను త్రోసిపుచ్చి, ఎదుటనున్న ముల్లుల పలకపై చూపు నిలుపవలెను. ఇది చెప్పినంతనే వచ్చు విద్య కాదు. మరల మరల అభ్యసింపవలెను.

ఈ సత్యము 1934లో అమెరికాకు మిక్కిలి ఖరీదుగా తెలిసివచ్చెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్టు విమానముల ద్వారా టపా మోయు కంపెనీల ఒప్పందములను రద్దుచేసి, ఆ పనిని సైనిక విమానదళమునకు అప్పగించెను. అది కఠినమైన శీతకాలము. సైనికచోదకులు మంచులో, చీకటిలో ఎగురుటకు తగిన శిక్షణ లేనివారు. కొద్దివారములలోనే అరువదికి పైగా ప్రమాదములు జరిగెను. పదిమందికి పైగా వైమానికులు మరణించిరి. దేశమంతట ఆందోళన చెలరేగెను.

అప్పుడు సైన్యాధికారులకు బింగ్‌హామ్టన్‌లోని ఆటవస్తువు జ్ఞప్తికి వచ్చెను. వారు లింకుతో మాటలాడుటకై న్యూజెర్సీ రాష్ట్రములోని నెవార్క్ విమానాశ్రయమున వేచియుండిరి. ఆనాడు దట్టమైన పొగమంచు క్రమ్మియుండెను. ఇట్టి వాతావరణమున ఎవడును ఎగిరి రాజాలడని తలచి అధికారులు వెనుదిరుగబోవుచుండగా, మంచుతెరను చీల్చుకొని ఒక విమానము దిగెను. దానిలోనుండి లింకు వెలుపలికి వచ్చెను. ఇక వాదములతో పని లేకపోయెను. ఆ జూన్ మాసమున సైన్యము ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రములను కొనెను.

అప్పటికి ఆ యంత్రము వినోదశాలలోని ఆటవస్తువు కాదు. శిష్యుడు లోపల కూర్చున్నంతనే పైన మూత పడును; వెలుపలి లోకము కనబడదు. ఎదుట దిక్సూచి, ఎత్తును వేగమును తెలుపు పరికరములు మాత్రము వెలుగుచుండును. ఉపాధ్యాయుడు ప్రక్కన బల్లకడ కూర్చుండి, చెవిగొట్టముల ద్వారా రేడియో సంకేతములను వినిపించును. త్రోవకు ఒక ప్రక్క తప్పినచో ఒక సంకేతము, మరియొక ప్రక్క తప్పినచో ఇంకొక సంకేతము, సరియైన త్రోవలో నున్నచో ఎడతెగని ఒకే నాదము వినబడును. బల్లమీది పటముపై మూడు చక్రములుగల చిన్న పరికరము ప్రాకుచు, శిష్యుడు పోయిన దారిని సిరాతో గీయును. దానిని పీత అని పిలిచిరి. పాఠము ముగిసినపిమ్మట మూత తీసి, ఉపాధ్యాయుడు ఆ గీతను శిష్యునికి చూపును. ఇచ్చట నీవు దారి తప్పితివి, ఇచ్చట కొండను ఢీకొని యుందువని చెప్పును. శిష్యుడు సిగ్గుపడును, మరల కూర్చుండును. కొండను ఢీకొన్నవాడు మరల కూర్చుండుటయే ఆ యంత్రపు మహిమ.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పదివేలకు పైగా లింకు యంత్రములు తయారయ్యెను. నీలిరంగు పూసిన వానిని సైనికులు నీలిపెట్టె యని పిలిచిరి. అయిదు లక్షలకు పైగా వైమానికులు వానియందు శిక్షణ పొందిరి. రాత్రివేళ మహాసముద్రముల మీదుగా ఎగురు బాంబరు విమానములవారు నక్షత్రములను చూచి త్రోవ తెలిసికొనవలెను. వారికై లింకు 1941లో 45 అడుగుల ఎత్తుగల ఒక గోపురమును నిర్మింపజేసెను. దాని పైకప్పున కృత్రిమనక్షత్రములు నిజమైన వానివలెనే కదలుచుండగా, క్రింద బాంబరు సిబ్బంది యంతయు కలిసి అభ్యసించిరి. యుద్ధము ముగిసిన కొన్నియేండ్లకు, 1954లో, లింకు తన కంపెనీని మరియొక సంస్థకు అమ్మెను. ఆ కంపెనీ పేరు మాత్రము నిలిచెను. చంద్రునిమీదికి పోయిన అపోలో వ్యోమగాములు భూమిమీద అభ్యసించిన కృత్రిమనౌకలను తయారుచేసినది ఆ శాఖవారే.

ఏబది యేండ్ల వయస్సున ధనవంతుడైన లింకు విశ్రమింపక, ఆకాశమును విడిచి సముద్రగర్భమువైపు దృష్టి మరలించెను. 1692 జూన్ 7న భూకంపమువలన సముద్రమున మునిగిన జమైకా దేశపు పోర్ట్‌రాయల్ పట్టణమును 1959లో భార్యతోడను మిత్రులతోడను కలిసి పరిశోధించెను. అక్కడ దొరికిన ఒక గడియారమునకు ముల్లులు నశించియుండెను. ఎక్స్‌రే ఛాయాచిత్రము తీయగా, అవి ఉదయము 11 గంటల 43 నిమిషములకడ నిలిచిన జాడ కనబడెను. ఆ పట్టణము మునిగిన వేళ అట్లు తెలియవచ్చెను.

మనుష్యుడు సముద్రగర్భమున చిరకాలము నివసించి పనిచేయగలుగుట లింకు సంకల్పము. దీనికై అతడొక లోహపుగదిని చేయించెను. 1962 ఆగస్టులో మధ్యధరాసముద్రమున, 60 అడుగుల లోతున, మొదట తానే అందులో ఎనిమిది గంటలు గడపెను. అప్పటికి అతని వయస్సు 58 ఏండ్లు. ఇతరులను పంపుటకు ముందు తాను పోవుట అతని నియమము. తరువాతి మాసమున బెల్జియము దేశీయుడైన రాబర్ట్ స్టెన్యుయి 200 అడుగుల లోతున ఇరువదినాలుగు గంటలకు పైగా నివసించెను. 1964లో స్టెన్యుయి, జాన్ లిండ్‌బర్గ్ అను ఇరువురు 432 అడుగుల లోతున 49 గంటలు గడపిరి.

1971లో లింకు రూపకల్పన చేసిన జాన్సన్ సీ లింక్ అను చిన్న జలాంతర్గామి నీట దిగెను. దాని ముందుభాగము గాజువలె స్వచ్ఛమైన ఆక్రిలిక్ గోళము. లోపలనున్నవారు అన్ని దిక్కుల సముద్రమును చూడగలరు. కాని 1973 జూన్ 17న ఫ్లోరిడా తీరమున, మునిగియున్న ఒక పాత యుద్ధనౌక శిథిలములలో ఆ జలాంతర్గామి చిక్కుకొనెను. లోపల నలుగురుండిరి. వెనుకగది లోహము సముద్రపు చలికి చల్లబడుటచేత, విడిచిన గాలిని శుద్ధిచేయు రసాయనము పనిచేయలేదు. ఒక దినమునకు పైగా రక్షణప్రయత్నములు సాగెను. తుదకు కెమెరా అమర్చిన కొక్కెమును దింపి, తెరమీద చూచుచు దానిని తగిలించి, జలాంతర్గామిని పైకి లాగిరి. ముందుగదిలోని ఇరువురు బ్రతికిరి. వెనుకగదిలోని ఇరువురు మరణించిరి. వారిలో ఒకడు లింకు కుమారుడు, ముప్పదియొక్క యేండ్ల ఎడ్విన్ క్లేటన్ లింకు.

ఇతరుల ప్రాణములు కాచుటకే యంత్రములు నిర్మించినవాని యింట, తాను నిర్మించిన యంత్రమునందే కుమారుడు మరణించెను. ఇంతకంటె ఘోరమైన దుఃఖము తండ్రికి ఏమి కలదు? లింకు సముద్రమును విడిచిపెట్టలేదు. తన పనిని తిట్టుకొనలేదు. తరువాతి రెండేండ్లు మనుష్యుడు లేకయే నీటిలోనికి దిగి, చిక్కుకొన్నవారిని కనుగొని విడిపించు యంత్రమును రూపొందించుటకు వినియోగించెను. దానికి కెమెరాయే కన్ను. తీగచేత పైనుండి దానిని నడపుదురు. తన కుమారుని రక్షింపలేకపోయిన లోపమును ఇతరుల కుమారుల విషయమున తీర్చుటకు అతడు పూనుకొనెను.

ఎడ్విన్ లింకు 1981 సెప్టెంబరు 7న బింగ్‌హామ్టన్‌లో, 77వ యేట మరణించెను. ఆ పట్టణపు విమానాశ్రయమునకు అతని పేరు పెట్టిరి. 2000వ సంవత్సరమున అమెరికా యంత్రనిర్మాతల సంఘమువారు అతని యంత్రమును చారిత్రకచిహ్నముగా ప్రకటించిరి. 1953లో అతడును భార్యయు స్థాపించిన ధర్మనిధి విద్యార్థులకు వేతనములిచ్చుచు వచ్చెను.

లింకు వేసిన బాట నేడు ఇండ్లవరకు వచ్చినది. ఇంటిలో కంప్యూటరు ముందు కూర్చుండి, తెరమీద విమానమును నడుప నేర్చుకొనువారు అనేకులు కలరు. వారికొక చిక్కు కలదు. నిజమైన విమానమున చోదకుడు తల త్రిప్పి ప్రక్కకు, పైకి, వెనుకకు చూచును. ఇంటిలో తల త్రిప్పినచో తెర కాక గోడ కనబడును. ఈ చిక్కును తీర్చుటకై తలకదలికను పసిగట్టు పరికరములు వచ్చినవి. టోపీమీద అమర్చిన మూడు వెలుగుచుక్కలను తెరపైనున్న చిన్న కెమెరా గమనించును. తల కొద్దిగా ఎడమకు తిరిగినచో, కంప్యూటరు దానిని అనేకరెట్లు పెంచి, ఎడమరెక్కనంతను తెరమీద చూపును. అందుచే తల తిరిగినను చూపు తెరను వీడదు. మరికొన్ని పరికరములు కంటికి కనబడని పరారుణ కాంతిని కంటిమీద ప్రసరింపజేసి, కనుగుడ్డుపై మెరయు చుక్కను, కంటిపాప స్థానమును పోల్చి, చూపు ఎచ్చట నిలిచినదో లెక్కకట్టును.

ఈ పరికరములను లింకు కనుగొనలేదు. అయినను వీని వెనుకనున్న ఆలోచన అతనిదే. చోదకుని చేయి, దేహము, చూపు నిజమైన ఆకాశమున ఎట్లు మెలగవలెనో, ముందుగా నేలమీదనే అట్లు మెలగునట్లు చేయుట అతని లక్ష్యము. ఆనాడు అతడు మూతవేసి, చూపును పరికరములపై నిలుప నేర్పెను. నేటివారు తెర తెరచి, చూపును అన్ని దిక్కుల త్రిప్ప నేర్పుచున్నారు. ఇంటిలోని తెర లోపలి చెవిని కదలింపజాలదు. ఆ పనికి లింకు తిత్తులవంటి కదలుపీఠములు కావలెను. కావున ఇంటియభ్యాసము విమానవిద్యకు తొలిమెట్టే గాని కడపటి మెట్టు కాదు.

వాద్యములకై చేసిన తిత్తి ప్రాణరక్షకు పనికివచ్చునని ఎవరు తలచిరి? లింకు తలచెను. సంతలో పిల్లలు నవ్విన బొమ్మయే లక్షలమందిని క్షేమముగా ఇండ్లకు చేర్చెను. తప్పు చేయనివాడు లోకమున లేడు. తప్పును ప్రాణముమీదికి రాకుండ నేలమీదనే చేసి, దానిని చూచి, దిద్దుకొని, పిమ్మట ఆకాశమున కెగురువాడు ధన్యుడు. అట్టి యవకాశమును ఇతరులకు కల్పించుటకై జీవితమును వెచ్చించిన ఎడ్విన్ లింకు చిరస్మరణీయుడు.